అద్దం బోర్డు

మా బొగ్గుబాయి టీంల ఫిట్టరన్న నాకంటే పొట్టోడు. అయినా, ఆసియా బాస్కెట్‌బాల్ పోటీలకు మన దేశం మొదటిసారి పోయినప్పుడు పిలుపు ఆయనకే వచ్చింది. అక్కడ ఆడనియ్యలేదట, బెంచీ మీదనే కూసోబెట్టిండ్రట. విని లోపల సంబురపడ్డ.

తిరిగొచ్చినకాడి నుంచి ఆయనది ఒకటే ముచ్చట.

"అక్కడ బుట్ట ఎనకాల బోర్డు అద్దంది తమ్మీ. అవతల కూసున్నోళ్ల మొఖాలు గూడ కనిపిస్తయ్."

రోజూ ఆటకు ముందు నిచ్చెనేసుకొని, మా చెక్కబోర్డుకు పట్టిన బొగ్గుదుమ్ము తువ్వాలతో తుడుస్తుండె. ఓనాడు కింద నిలబడి ఎక్కిరించిన.

"తుడిస్తే చెక్క అద్దమైతదా అన్నా?"

"కాదు. గానీ చెయ్యి ఊకుంటలేదురా" అని నవ్విండు.

ఆయన బదిలీ మీద పోయినంక, గ్రౌండ్ల ఎవరూ లేంది చూసి నేనూ నిచ్చెనెక్కిన. తువ్వాల నల్లగయ్యేదాక తుడిచిన. ఆయన చూసిన మొఖాలల్ల ఒక్కటి గూడ నాకు కనబడలే.