మెర్డెకా పందిరికి పసుపు

ఆ రోజుల్లో మాకు స్వాతంత్ర్యం అంటే ఏమిటో సరిగ్గా తెలియదు గానీ, గేటు దగ్గర తనిఖీ అంటే మాత్రం బాగా తెలుసు. మలయాలో బ్రిటిషువాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ కాలం. అడవిలోని కమ్యూనిస్టులకు అందుతుందన్న భయంతో, మా ఎస్టేటు ముళ్ళకంచె దాటి అన్నం ముద్ద కూడా పట్టుకెళ్ళనిచ్చేవారు కాదు. అప్పుడు మెర్డెకా, అంటే దేశానికి స్వాతంత్ర్యం, వస్తోందని, గేటు ముందు స్వాగత ద్వారం కట్టించే పని దొర నాకు అప్పగించాడు. ఆఫీసులో కొత్తగా చేరినవాణ్ణి. పని బాగా జరిగితే గుమాస్తాగా ఖాయం చేస్తానన్నాడు. ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాను. (స్వాగత ద్వారం నేనెప్పుడూ చూడలేదన్న సంగతి అన్నం తింటుంటే గుర్తొచ్చింది.)

మాకు కట్టడం వచ్చింది ఒక్క పెళ్ళిపందిరే. సరే, అదే కట్టేద్దామన్నారు నా జతగాళ్ళు. వెదుళ్ళ కోసం ఖాళీ కడుపులతో కంచె బయటికి వెళ్ళేవాళ్ళం. తిరిగొస్తుంటే కాపలావాడు ప్రతి వెదురు బొంగులోకీ ఒంటికన్నుతో తొంగిచూసేవాడు. పక్క కూలీ ఇళ్ళ లైనులో ఉండే మా మేనమామ కూతురు రోజూ నీళ్ళబిందెతో అటే వచ్చి, "బావా, ఎడం పక్క గుంజ ఒరిగిపోనాది లా" అనేది, మలయ్‌వాళ్ళలాగే మాట చివర ఓ "లా" తగిలించి. నేను మళ్ళీ కట్టేవాణ్ణి, మర్నాడు కూడా అనాలని కాస్త ఒరిగేటట్టే కట్టేవాణ్ణి. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఆ మాట చెప్పడానికి మాత్రం నోరు పెగిలేది కాదు. పని పూర్తయిన పొద్దున మా మామ్మ వచ్చి ఆ ఎడం గుంజనే కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టింది. అందంగా ఉందిలే అని ఊరుకున్నాను.

మెర్డెకా పండుగ బ్రహ్మాండంగా జరిగింది. దొర నాకు చెయ్యి కూడా కలిపాడు. మర్నాడే, పందిరి అడ్డొచ్చి కాపలావాళ్ళకి రోడ్డు కనబడటం లేదని, వెంటనే పీకించమన్నాడు. లేకపోతే ఉద్యోగం మాట మరిచిపొమ్మన్నాడు. కత్తి పట్టుకుని వెళితే మామ్మ గుంజకి ఆనుకుని కూర్చునుంది.

"పసుపు రాసిన రాటరా ఇది. పెళ్ళి జరక్కుండా పీకితే అరిష్టం."

"మామ్మా, ఇది మెర్డెకా కోసం వేసింది."

"ఆ సంగతి రాటకేటి తెలుస్తాది?"

ఇంతలో దొర వచ్చాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో విషయం చెప్పాను. ఆయన నవ్వి, అయితే ఎవరికో ఒకరికి త్వరగా పెళ్ళి చేసి పీకెయ్యమన్నాడు. గొడవ విని చుట్టూ మూగిన లైన్లలోని ఆడవాళ్ళంతా నా వైపు తిరిగారు. మామ్మ మా మేనమామ వైపు చూసింది. ఆయన కూతురి వైపు చూశాడు. చంకన బిందెతో నిలబడ్డ ఆ పిల్ల నేలచూపులు చూస్తూ, "ముందు ఆ ఎడం గుంజ సరిసెయ్యమను" అంది.

కర్ఫ్యూ వేళ కాకముందే ముగిసేలా పెళ్ళి చేశారు. (చుట్టాలు ఒక్క లడ్డూ కూడా వెంట పట్టుకెళ్ళలేక అన్నీ అక్కడే తిని ఆపసోపాలు పడ్డారు.) మర్నాడు నా చేతులతోనే పందిరి పీకాను. ఉద్యోగం ఖాయమైంది. చాలా ఏళ్ళకి మామ్మ ఆకువక్క నములుతూ అసలు సంగతి చెప్పింది: "దొర పందిరికి ఎవరన్నా పసుపు రాస్తారేటి? నీకు నోరు పెగల్దని ఎరిగే రాసినాను."

తర్వాత పోర్ట్ క్లాంగ్‌లో గోదాములు కట్టించాను, నా కింద చాలామంది పనిచేశారు. కానీ ఆ మొదటి పనికి పెద్దని నేనే అనుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఏటా మెర్డెకాకి వరండాలో జెండా కడుతుంటే వెనక నుంచి మా ఆవిడ, "ఎడం పక్క ఒరిగిపోనాది లా" అంటుంది. విప్పి మళ్ళీ కడతాను, కాస్త ఒరిగేటట్టే.