ఖాళీ అని రాసిన చోటు

ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటోవాళ్లు "ఖాళీ, ఖాళీ! బాటసింగారం ఖాళీ!" అని అరుస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సీట్లున్నాయి రమ్మని పిలుస్తున్నారు పాపం, వాళ్ల తప్పేమీ లేదు. ఆ మాటను ఒకసారి నేను రాయకూడని చోట రాశాను. అది చదివి రూతమ్మ మేడం నా వైపు చూసిన చూపు ఆ కేకతో పాటే గుర్తొస్తుంది.

మేడం కొత్తపేటలో మా పక్క వాటాలో ఉండేవారు. బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పిట్టల్నీ పురుగుల్నీ చూస్తూ తిరిగే మా బృందానికి ఆవిడే పెద్ద. బృందమంటే ఆరుగురం, మాకు దొరికేది ఆదివారాలే. చుట్టుపక్కల కాపాడదగ్గ చోట్లు ఏడని ఆవిడ జాబితా రాశారు. ఒక్కదానికి మించి కాపలా కాసే శక్తి మాకు లేదు. ఏది ముందు అన్న విషయంలో ఆవిడతో వేగడం నా వల్ల అయ్యేది కాదు. నేనేమో మీర్‌పేట్ వైపు చెరువు అన్నాను. నీళ్లున్నాయి, కొంగలున్నాయి, ఫొటోలు బాగా వస్తాయి, పక్కనే మిర్చి బజ్జీల బండి కూడా ఉంది. ఆవిడ బాటసింగారం అవతలి గులకరాళ్ల బీడు అన్నారు.

"అక్కడ ఏముందండీ, రాళ్లు తప్ప?"

"చెరువు ఎండితే కొంగ ఇంకో చెరువు చూసుకుంటది. గా బీడు పోతే తీతువు పిట్ట ఎటు పోవాలె? రెండే ప్రశ్నలు బిడ్డా. పోతే మళ్ల దొరుకుతదా? మనం నిలబడితే నిలుస్తదా?"

ముఖాన పసుపు తోలుతిత్తులు వేలాడే ఆ రకం తీతువు మా ఏడు చోట్లలో ఆ బీడులో మాత్రమే ఉండేది. అయినా నా బుర్రకెక్కలేదు.

ఆ బీడు సర్కారుది. గుడ్లు పెట్టే కాలంలో కూడా అక్కడ పిట్టలున్నాయని రాసిస్తే, దాని జోలికి వెళ్లకుండా చూస్తామని మండలాఫీసులో అన్నారు. మేడంకు అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది. నన్ను పొద్దున్నే వెళ్లి గంటసేపు కదలకుండా కూర్చోమన్నారు. నేను మిట్టమధ్యాహ్నం వెళ్లాను. ఎండకు మాడు పగిలిపోతుంటే పది నిమిషాలు నిలబడి, ఆవిడను తిట్టుకుంటూ, పిట్టల లెక్క కాగితంలో 'కనిపించినవి' అన్న గడిలో 'ఖాళీ' అని రాశాను. ఆవిడకు చూపించకుండానే ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

వారం తర్వాత ఆ కాగితం నకలు చదివి మేడం తలెత్తి నా వైపు చూశారు. మర్నాడు తెల్లవారగానే చేతికర్రతో బయల్దేరి, ఆటోలో నన్ను అక్కడికి లాక్కెళ్లారు. తుమ్మచెట్టు కింద గంట కూర్చున్నాం. దూరంగా ఒక పిట్ట నడుచుకుంటూ వచ్చి నేలమీద ఒదిగి కూర్చుంది. మేం అటు వెళ్లేసరికి అరుస్తూ లేచింది.

"కాలు కదపకు," అన్నారు మేడం.

నా చెప్పుకు జానెడు దూరంలో నాలుగు గులకరాళ్లు. రాళ్లు కావు, గుడ్లు.

అటునుంచి అటే ఆటోలో ఆఫీసుకు వెళ్లాం. అక్కడి ఆయన నా కాగితం తీసి మా ముందు పెట్టాడు. "మీరే ఖాళీ అని రాసిర్రు గద. ఖాళీ జాగనే గదా అని లారీలు నిలుపనీకి ఇచ్చేసినం."

తిరుగు ఆటోలో నేను ఏడుస్తూనే ఉన్నాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. "తిట్టండి మేడం," అన్నాను.

"తిడితే గుడ్లొస్తయా? నువ్వు చూసింది పది నిమిషాలు. 'నాకు కనబడలేదు' అని రాయాలె. ఖాళీ అననీకి నువ్వెవరు?"

మేడం పోయారు. బీడంతా లారీలే, చివర్న సన్నటి పట్టీ ఒకటి మిగిలింది. వేసవి ఆదివారాల్లో, విసుక్కుంటూనే, ఆ 'ఖాళీ' ఆటో ఎక్కి పొద్దున్నే వెళ్లి గంటసేపు కూర్చుంటాను. ఇన్నేళ్లలో ఒక్క తీతువు రాలేదు. ఇక రాదని నాకూ తెలుసు. అయినా తేదీ వేసి, ఆ గడిలో 'నాకు కనబడలేదు' అనే రాసి వస్తున్నాను.