ముప్పై అనే మాట

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నాయన కారు టైర్లలో గాలి తక్కువ పట్టిస్తున్నాడని, అది తప్పని నాకు ముందే తెలుసు.

మాది పాత చిన్న కారు. ధర్మవరంలో మగ్గాల దగ్గర పట్టుచీరలు తీసుకుని కదిరి, తనకల్లు అంగళ్లకు వేసి రావడం నాయన పని. సెలవు రోజుల్లో నేనూ పక్కన కూర్చునేదాన్ని. నాకు మనుషులతో మాట్లాడటం చేతకాదు. దొరికిందల్లా చదవడం మాత్రం అలవాటు. కారుతోపాటు వచ్చిన పుస్తకాన్ని కూడా చివరిదాకా చదివాను. టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి ముప్పై ఉండాలని అందులో ఉంది. డ్రైవరు తలుపు అంచున అతికించిన కాగితం మీదా అదే ఉంది. గాలి తగ్గితే టైరు పక్కలు మడతపడి, వేడెక్కి, పగిలిపోతాయట.

మా వైపు మాత్రం ఉగాది దాటితే చాలామంది గాలి తగ్గిస్తారు. ఎండకు గాలి ఉబ్బి టైరు పగులుతుందని భయం. నాయన ఇరవై నాలుగు దాటనిచ్చేవాడు కాదు.

"ఏమన్నా, టైర్లకు ఉపాసం పెడతాండావా?" అనేవాడు గాలి పట్టే ఆయన.

"ఈ ఎండలకు అదే మేలప్పా. నువ్వు నింపినావంటే తనకల్లు చేరేలోపల డబ్బుమంటాది."

ఇద్దరూ నవ్వేవాళ్లు. ముప్పై అనే మాట నా నోటిదాకా వచ్చేది. అంగడి ముందు కూర్చున్న అంతమంది మగవాళ్ల ముందు నాయనను తప్పు పట్టలేక, అద్దంలోంచి బయటికి చూసేదాన్ని. ఇంటికొచ్చి డైరీలో రాసేదాన్ని: ఈ రోజూ చెప్పలేదు.

పోయిన ఎండాకాలం, ముదిగుబ్బ దాటాక వెనక టైరు పగిలింది. కారు రోడ్డు దిగి బండరాయికి గుద్దుకుంది. నాయన అక్కడే పోయాడు. చీరల మూటలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిని మరుసటి వారం నేనే బస్సులో తీసుకుపోయి అంగళ్లలో ఇచ్చాను.

కారు బాగయ్యాక కొత్త టైర్లకూ నేనే పోయాను. అంగడాయన పగిలిన టైరును తిప్పి లోపలివైపు చూపించాడు. రబ్బరు పొడిగా రాలింది.

"గాలి తక్కువతో తిరిగిన టైరు పాపా ఇది. మీ నాయనకు ఎవురూ చెప్పలేదా?"

"లేదు" అన్నాను. అది అబద్ధం కాదు.

వెడల్పు టైర్లు బాగుంటాయని ఆయన అన్నాడు. వద్దన్నాను. పుస్తకంలో ఉన్న కొలతవే కావాలన్నాను. టైరు పక్కన అచ్చువేసిన అంకెల్లో ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో ఉంటుంది. అవి చదివి, రెండేళ్లుగా అంగట్లో పడి ఉన్నవాటిని మార్పించాను. ఇంత మాట్లాడగలనని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇప్పుడు చీరలు నేనే వేసి వస్తున్నాను. ప్రతి సోమవారం పొద్దున్నే, కారు తీయకముందు, గాలి కొలిచే నా గేజీతో నాలుగు టైర్లూ చూస్తాను. ముప్పై. ఏడుపేమీ రాదు. మూతలు బిగించి చేతులు కడుక్కుంటాను.

నాయన పోయిన రోజు పొద్దున మా ఇంటి ముందు మగవాళ్లెవరూ లేరు. నాయన మూటలు డిక్కీలో పెడుతుంటే, పుస్తకంలో ఆ పేజీ దగ్గర వేలు పెట్టుకుని గడపలో నిలబడ్డాను. చెప్పాలనే వచ్చాను. ఆయన స్టీరింగు ముందు కూర్చుని నా వైపు తిరిగాడు.

"ఏమన్నా చెప్పల్లనా పాపా?"

తల అడ్డంగా ఊపాను.

"సరే, ఎండొస్తాంది. తలుపేసుకో."