ఫ్రిజ్ వెనకాల మామగారు

మామగారికి ఒక్కటే జబ్బు. ఎవరింటికి వెళ్లినా ముందు ఆ ఇంటి ఫ్రిజ్ వెనక్కి వెళ్తారు. పలకరింపులు, మంచినీళ్లు, కుశల ప్రశ్నలు అన్నీ ఆ తర్వాతే. పెళ్లి మాటలైనా, పుట్టినరోజైనా, పరామర్శైనా ఆయనకు తేడా లేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తారు, భుజాన గుడ్డసంచి సర్దుకుంటారు, వంటగది ఎటో ఎవరినీ అడక్కుండానే కనుక్కుంటారు. రెండు నిమిషాల్లో ఫ్రిజ్ పక్కనుంచి ఆయన వీపు మాత్రమే కనిపిస్తుంది.

ముప్పై ఏళ్లు ఒక దుకాణంలో, ఇళ్లకు వెళ్లి ఫ్రిజ్‌లు బిగించే పని చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదని చుట్టాలు సర్దిచెప్పుకున్నారు.

ఈ సంగతి కోడలికి పెళ్లికి ముందే తెలుసు. తెలిసీ చేసుకుంది కాబట్టి ఆమె మీద మరీ జాలి పడక్కర్లేదు. రెండు కుటుంబాలూ మొదటిసారి కలిసిన రోజున, వాళ్ల నాన్న గొంతు సవరించుకుని తన కూతురి చదువు గురించి చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో తల తిప్పి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. పెద్దాయనకు ఎక్కడ కోపం వచ్చిందోనని ఆయన కంగారుగా లేచారు. ఇల్లంతా వెతికితే కాబోయే వియ్యంకుడు వంటగదిలో దొరికారు. నెత్తి మీద బూజు. వేళ్లు మడిచి, పిల్లాడికి జ్వరం ఉందో లేదో చూసినట్టు, చేతి వెనకభాగాన్ని ఫ్రిజ్ తలుపుకి ఆనించి చూస్తున్నారు.

"గోడకి మరీ ఆనించేశారు బావగారూ. నాలుగు వేళ్లు ఇవతలికి జరపండి, దానికీ ఊపిరాడాలి కదా. అన్నట్టు, మాకు అమ్మాయి నచ్చింది" అన్నారు.

అమ్మాయిని ఆయన అప్పటికి సరిగ్గా చూడనేలేదు. తలుపు చాటున నిలబడ్డ ఆ అమ్మాయి నోరెళ్లబెట్టింది. అత్తవారింట్లో ఆ నోరు మూసుకునే అవకాశం ఆమెకు పెద్దగా దొరకలేదనే చెప్పాలి.

కాపురానికి వచ్చిన నెలకే ఇంట్లో పాత ఫ్రిజ్ పోయి కొత్తది వచ్చింది. అత్తగారు పాలగిన్నె పట్టుకుని దాని ముందు సిద్ధంగా నిలబడ్డారు. మామగారు స్విచ్‌కి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వ్యానులో పడుకోబెట్టి తెచ్చారట, లోపలి నూనె గొట్టాల్లోకి పాకి ఉంటుందట, అది కిందికి దిగేదాకా కరెంటు ఇవ్వకూడదట. ఎంతసేపని అత్తగారు అడిగితే, పడుకున్నంతసేపూ నిలబడాలి, ఎంతసేపు పడుకుందో వ్యానువాడు చెప్పలేదు కాబట్టి రేపటిదాకా చూద్దామన్నారు. అత్తగారు ఆ రోజు పాలు నాలుగుసార్లు కాచారు. కాచిన ప్రతిసారీ గిన్నె కాస్త గట్టిగా దించారు.

ఈలోగా ఆయన ఊరికే కూర్చోలేదు. గ్లాసు నిండా నీళ్లు పోసి ఫ్రిజ్ నెత్తిన పెట్టి, నీళ్లు ఏ వైపు వాలాయో చూసుకుంటూ ముందుకాళ్లు అరచుట్టు, పావుచుట్టు తిప్పారు. తర్వాత తలుపు రబ్బరు పట్టు చూడాలని, బల్ల మీద చేతికి అందిన కాగితమేదో తలుపు సందులో పెట్టి మూసి లాగారు. కాగితం చిరిగింది గానీ ఊడి రాలేదు.

"చూశావా తల్లీ, ఎంత గట్టిగా పట్టిందో" అని మురిసిపోయారు.

కోడలు చూసింది. అది ఆమె ఉద్యోగపు కాగితం. బడిలో టీచరుగా ఏడాదిపాటు తీసుకుంటున్నామని, పనితీరు బాగుంటే ఏడాది తర్వాత ఖాయం చేస్తామని ఆ ఉదయమే హెడ్‌మిస్ట్రెస్ సంతకం చేసి ఇచ్చిన ఉత్తరం. సంతకం సగం ఆమె చేతికి వచ్చింది, మిగతా సగం కొత్త ఫ్రిజ్ దగ్గర ఉండిపోయింది. ఆమె ఫ్రిజ్ తలుపు తెరిచి ఆ సగం కూడా తీసుకుంది. మామగారు మాత్రం, మంచి కాగితం, అందుకే పరీక్ష బాగా కుదిరిందన్నారు.

ఆయన పరామర్శకు వెళ్లిన రోజు ఇంకా ఘోరం. చనిపోయినాయన ఇంట్లో అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. మాటల్లేవు, వంటగదిలో ఫ్రిజ్ మోత తప్ప. ఉన్నట్టుండి ఆ మోత కూడా ఆగిపోయింది. అందరి తలలూ ఒక్కసారి లేచాయి. మామగారు చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చి, వెనక జల్లెడంతా దుమ్ము పట్టేసింది, ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి, కంప్రెసర్‌కి విశ్రాంతి ఇచ్చాక మళ్లీ వేస్తానని, పోయినాయన ఫోటోకి దణ్ణం పెట్టి మళ్లీ లోపలికి వెళ్లారు. ఏడుస్తున్నవాళ్లు ఏడుపు మరిచిపోయారు. కోడలు ఆ పది నిమిషాలూ తన కాళ్ల బొటనవేళ్లనే చూస్తూ గడిపింది.

ఇలా పదకొండు నెలలు గడిచాయి. బడిలో కోడలితోపాటు ఏడాది ఒప్పందం మీద చేరిన మరో టీచరు ఉంది. ఖాయమయ్యే ఉద్యోగం మాత్రం ఒక్కటే. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో తేల్చేది హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ ఇరవై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి ఆ కుర్చీలోకి వచ్చినావిడ. నవ్వితే క్రమశిక్షణ పోతుందని ఆవిడ నమ్మకం. అలాంటావిడ ఆ ఆదివారం టీచర్లందరినీ ఇంటివాళ్లతో సహా టీకి పిలిచారు.

కోడలి భర్త పనిమీద ఊళ్లో లేడు. అత్తగారికి మోకాళ్ల నొప్పి. ఒక్కదాన్నే వెళ్లొస్తానని ఆమె చెప్పులు వేసుకోబోతుంటే, మామగారు ఆ ఇల్లెక్కడని అడిగారు. చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, నీలం గేటా, వంటగదిలోంచి పెరట్లోకి మూడు మెట్లుంటాయా అని అడిగి, లేచి చొక్కా మార్చుకున్నారు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మామయ్యా, మీరు రండి. కానీ నాకో మాట ఇవ్వండి. సోఫాలోంచి లేవకూడదు. ఇది నా ఉద్యోగం సంగతి."

"లేవనమ్మా. సోఫాకి అంటుకుపోతాను, సరేనా" అన్నారాయన. సంచి మాత్రం భుజానే ఉంది.

నిజంగానే నలభై నిమిషాలు కదల్లేదు. టీ తాగారు, బిస్కెట్లు తిన్నారు, లెక్కల మాస్టారు చెప్పిన నడుంనొప్పి కథంతా విన్నారు. కోడలు ఆయన మీద నిఘా మానేసింది. అప్పుడు హెడ్‌మిస్ట్రెస్ తల్లి, ఎనభై దాటిన ముసలావిడ, అందరికీ ఐస్‌క్రీం తెస్తానని లేచారు. వంటగది గడప దాటుతూ, ఫ్రిజ్ ముందు విడిచి ఉన్న రబ్బరు చెప్పులు వెతుక్కుని మరీ కాళ్లకు తొడుక్కున్నారు. అమ్మకి చేతుల తిమ్మిర్లని, వంటగదిలో ఎక్కువవుతాయని, ఆ చెప్పులు వేసుకుంటే కాస్త నయమంటుందని, డాక్టరుకి చూపిస్తే వయసు మీద పడిందన్నాడని హెడ్‌మిస్ట్రెస్ చెబుతున్నారు.

ఆ మాట పూర్తయ్యేలోపే సోఫా ఖాళీ అయింది.

ముసలావిడ చెయ్యి తలుపు మీద పడకముందే మామగారు వెళ్లి ప్లగ్గు లాగేశారు. ఫ్రిజ్ గట్టిగా ఒకసారి వణికి ఆగిపోయింది. లోపల ముప్పైమందికి సరిపడా ఐస్‌క్రీం ఉంది. ఏం చేస్తున్నారండీ అని హెడ్‌మిస్ట్రెస్ అడిగితే, వెనక నుంచి గొంతు మాత్రం వచ్చింది.

"దుమ్మండీ. విపరీతమైన దుమ్ము. ఒక్క అరగంట."

భూమి చీలి తనని లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది కోడలికి. అది చీలే సూచనలు కనిపించకపోవడంతో, ఆయన్ని బయటికి లాక్కురావాలని ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య తానే దూరింది. మామగారు నేల మీద కూర్చుని ఉన్నారు. సంచిలో దుమ్ము దులిపే సరంజామా కంటే కొత్త ప్లగ్గులు ఎక్కువ ఉన్నాయి.

"మీకు దణ్ణం పెడతాను మామయ్యా, లేవండి. నా ఉద్యోగం పోతుంది."

ఆయన పిడికిలి విప్పి చూపించారు. పాత ప్లగ్గు. కింద రెండు సన్నపిన్నులు ఉన్నాయి. పైన లావుపాటి పిన్ను ఉండాల్సిన చోట మొదలంటా కోసేసిన గుర్తు.

"విరిగిపోయిందా?"

"విరగలేదు. నేనే కోశాను. ఇరవై మూడేళ్లయింది."

ఆయన కొత్త ప్లగ్గుకి తీగలు బిగిస్తూ గుసగుసగా చెప్పుకొచ్చారు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో గోడకి రెండు కన్నాల సాకెట్లే ఉండేవి. ఫ్రిజ్‌కి మూడు పిన్నులు. ఆ మూడోది ఎర్తు పిన్ను. లోపల ఏ తీగ తోలో ఊడి కరెంటు పైరేకు మీదికి వస్తే, దాన్ని మనిషి ఒంట్లోకి కాకుండా నేలలోకి పంపేది అదే. సాకెట్ మార్చే మనిషి దొరకాలంటే నాలుగు రోజులు. ఇంట్లో పిల్లలేమో ఐసు కోసం గిన్నెలు పట్టుకుని నిలబడేవాళ్లు, కింద వ్యానువాడు హారన్ కొట్టేవాడు. దుకాణంలో అందరూ చేసేదే ఆయనా చేశారు. రంపపు బ్లేడుతో మూడో పిన్ను కోసేసి, మిగిలిన రెండూ గుచ్చేసి వచ్చేవారు. తర్వాత ఇళ్లవాళ్లు గోడలకి మూడు కన్నాల సాకెట్లు పెట్టించుకున్నారు గానీ, ఫ్రిజ్ వెనక ఆ తెగిన ప్లగ్గు సంగతి ఎవరికీ తెలియదు. ఈ ఫ్రిజ్ కింద తీగ తోలు ఊడి ఉంది. ముసలావిడ చేతిలో తిమ్మిరి వయసువల్ల వచ్చింది కాదు.

కోడలు ఆ కోసిన ప్లగ్గుని చేతిలోకి తీసుకుంది. దాన్ని తిప్పి చూస్తూ అడిగింది.

"ఇలా ఎన్ని ఇళ్లు?"

"నాకు గుర్తున్నవి నూట పన్నెండు. ఇది తొంభై ఏడోది."

"మరి ఆ పరామర్శ... ఆయన పోయింది..."

"లేదు తల్లీ, ఆయనది నిద్రలో పోయిన ప్రాణం. ముందు అదే కనుక్కున్నాను."

"ఉన్నమాట వాళ్లకి చెప్పొచ్చు కదా మామయ్యా. అందరూ మిమ్మల్ని పిచ్చివాడనుకుంటున్నారు."

"మొదటి రెండిళ్లలో చెప్పాను. ఒకావిడ బాగుచేశాక కూడా ఫ్రిజ్ తలుపు కర్రతోనే తెరుస్తోంది. రెండో ఇంట్లో, ఇన్నాళ్లూ చూసుకోలేదు, తప్పు నీదంటే నీదని మొగుడూ పెళ్లాం నెల రోజులు మాట్లాడుకోలేదు. దుమ్మని చెప్పాననుకో, నన్ను చూసి నవ్వుకుని ఊరుకుంటారు. నవ్వితే ఎవరికీ షాక్ కొట్టదు." స్క్రూ చివరి చుట్టు బిగించి, తల ఎత్తకుండా అన్నారు. "పైగా నేనే కోశానని అంతమందికి చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంటుందమ్మా."

బయటినుంచి హెడ్‌మిస్ట్రెస్ కోడల్ని పేరుపెట్టి పిలిచారు. బడిలో ఆ గొంతుకి పిల్లలు పరుగులాపి నిలబడిపోతారు. కోడలు చీరకంటిన బూజుతో బయటికి వచ్చింది. వంటగది గుమ్మం నిండా టీచర్లు. ఏడాది ఒప్పందం మీద చేరిన ఆ రెండో టీచరు ముఖం ఎన్నడూ లేనంత ప్రశాంతంగా ఉంది.

ఒక్క మాట చాలు. మీ ఫ్రిజ్ షాక్ కొడుతోంది మేడం, మా మామగారు మీ అమ్మగారిని కాపాడుతున్నారు అంటే కోడలి పరువు, ఉద్యోగం రెండూ నిలుస్తాయి. కానీ ఇరవై ఏళ్లు కరెంటు పాఠం చెప్పినావిడ సొంతింట్లో ఆ మాట, ఇంతమంది ముందు. ఆ ముసలావిడ ముఖాన భయం. వెనకాల సిగ్గుతో తలదించుకున్న మామగారు. ఆమె చీర కొంగు నడుముకి దోపుకుంది.

"మేడం, ఆయన చెప్పింది నిజమే. వెనకాల దుమ్ము అరంగుళం పేరుకుంది. ఇంట్లో పాత టూత్‌బ్రష్ ఏదైనా ఉంటే ఇప్పించండి, నేనూ ఓ చెయ్యి వేస్తాను."

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. హెడ్‌మిస్ట్రెస్ నిర్ఘాంతపోయి చూస్తూనే పాత టూత్‌బ్రష్ తెప్పించారు. అరగంటపాటు మామా కోడళ్లు ఫ్రిజ్ వెనకే ఉన్నారు. ఆయన ఊడిన తీగకి టేపు చుట్టి టెస్టరు పెట్టి రెండుసార్లు చూసుకున్నారు. ఆమె నిజంగానే దుమ్ము దులిపింది, ఎందుకంటే దుమ్ము నిజంగానే ఉంది. ఐస్‌క్రీం కరిగిపోయింది. అతిథులు దాన్ని టీ కప్పుల్లో పోసుకుని తాగారు.

చివరికి మామగారు ముసలావిడని పిలిచారు.

"పెద్దమ్మగారూ, తలుపు తేలిగ్గా వస్తోందో లేదో ఒకసారి చూడండి. చెప్పులు అక్కర్లేదు."

ఆవిడ వట్టికాళ్లతో వచ్చి, ముందు వేలికొసతో ముట్టుకుని చూశారు. తర్వాత అరచెయ్యంతా ఆనించారు. తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. ఫ్రిజ్ తలుపు ఊరికే తెరిచి ఉంచితే ఇంట్లో యుద్ధం చేసే మామగారు పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ మామగారి ముఖం వైపే చాలాసేపు చూసి, వెళ్లి కూర్చున్నారు.

సోమవారం పొద్దున్నే హెడ్‌మిస్ట్రెస్ నుంచి పిలుపు వచ్చింది. కోడలు తన సొరుగు ఖాళీ చేసుకుని మరీ వెళ్లింది. హెడ్‌మిస్ట్రెస్ కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

"మీ మామగారు ఇరవై మూడేళ్ల కిందట కూడా మా ఇంటికి వచ్చారట. మా అమ్మ గుర్తుపట్టింది, నిన్నటినుంచి తిమ్మిర్లు కూడా లేవంటోంది. అలా పిన్ను కోయడం మంచిది కాదు, సాకెట్ మార్పించుకోమని ఆయన రెండుసార్లు చెప్పారట. అదేం కుదరదు, ఇవాళే పెట్టి వెళ్లాలని పట్టుబట్టింది నేనేనట." కాస్త ఆగి, గొంతు తగ్గించారు. "మీ ఉద్యోగం ఖాయమైన ఆర్డరు గుమాస్తా దగ్గర ఉంది, తీసుకోండి. ఇంకోటి. మా చెల్లెలింట్లో కూడా ఫ్రిజ్ వెనక దుమ్ముందనుకుంటా. మీ మామగారికి వీలవుతుందేమో కనుక్కోండి. వాళ్లకి మాత్రం దుమ్మనే చెబుదాం."

కోడలు నోరెళ్లబెట్టింది, ఈసారి హెడ్‌మిస్ట్రెస్ ముందు. ఆవిడ నవ్వుతున్నారు.

సాయంత్రం ఇంటికి రాగానే ఆమె మామగారి ముందు కూర్చుని బడిలో జరిగిందంతా చెప్పింది. రెండుసార్లు చెప్పి చూశారట కదా, ఆ సంగతి నాకెందుకు చెప్పలేదని నిలదీసింది.

"చెప్పి కోసినా, చెప్పకుండా కోసినా కొట్టేది అదే కరెంటు కదమ్మా" అన్నారాయన, సంచిలో కొత్త ప్లగ్గు వేసుకుంటూ. "వాళ్ల చెల్లెలిల్లు ఎక్కడన్నావు?"