ఉత్తుత్తి నమాజు

గండికోట మసీదులో ఖాసిం వలి ఒకచోట నిలవడు. పావురాల రెట్ట ఊడుస్తాడు, ఎవరైనా వస్తున్నారేమోనని వాకిలి దాకా పోయి తొంగిచూస్తాడు, మళ్ళీ చీపురు పడతాడు. కోట చూడవచ్చిన వాళ్ళకు మసీదు తిప్పి చూపించేదీ అతనే, రోజూ అక్కడ నమాజు చేసేదీ అతనే. మొన్న కర్నూలు నుంచి వచ్చిన ఆఫీసరొకడు అతను నమాజులో ఉండగా ఫోటో తీశాడు.

"సాయిబూ, మొగం చీకట్లో పడిండాది. వాకిట్లోకొచ్చి ఇంకోసారి వంగప్పా."

"నమాజు అయిపాయ సామీ."

"ఉత్తగానే వంగు. నీదేం పోతాది?"

ఖాసిం వలి వెలుతురులో చాప పరిచి ఉత్తగానే వంగాడు.

ఆ సాయంత్రం నిజం నమాజుకు అదే చాప మీద నుదురు ఆనించాడు. చెవులు మాత్రం కెమెరా చప్పుడు కోసం కాచుకున్నాయి. ఉలిక్కిపడి లేచి చూస్తే, చాప ఇంకా వాకిట్లోనే ఉంది. దాన్ని చీకటి మూలకు లాక్కుపోయి, మళ్ళీ మొదటినుంచి నిలబడ్డాడు.