పూజ తప్పిన మిషన్

నిన్న చేవెళ్లలో నీళ్ల డ్రమ్ము కొన్నాను. ఆటోలో ఎక్కించే ముందు పగుళ్లేమైనా ఉన్నాయేమోనని మూత తీసి లోపలికి తొంగి చూస్తే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. చాలామందికి ఆ వాసన పడదు, తలనొప్పి అంటారు. నాకు ఆకలేసింది. మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డులో, ఆ వాసన మధ్యనే కూర్చుని ఏళ్ల తరబడి అన్నం డబ్బా విప్పుకున్నదాన్ని మరి. "ఏందక్కా, డ్రమ్ముల దిగుతవా ఏంది?" అన్నాడు దుకాణందారు. నవ్వి మూత పెట్టాను గానీ, ఇంటికి చేరేదాకా శంకరయ్య సేటే కళ్లముందు మెదిలాడు.

సేటుది చేవెళ్లలో ఇనుప సామాను అమ్మే కుటుంబం. తాత అమ్మాడు, తండ్రి అమ్మాడు. ఈయనకు మాత్రం ఎవరో చేసినది అమ్మడమంటే విసుగు. తనే ఏదో ఒకటి తయారు చేయాలి. అలా మొదలుపెట్టింది, రైతులు వీపుకు తగిలించుకుని పంటకు మందు కొట్టే స్ప్రేయర్ల కంపెనీ. ట్యాంకు, బెల్టు, గొట్టం మా షెడ్డులోనే తయారయ్యేవి. మందును తోసే చిన్న మోటారు, ప్లాస్టిక్ కరిగించి ట్యాంకులు పోసే పెద్ద మిషన్ మాత్రం చైనావి. నేను మా ఊరు ముడిమ్యాల నుంచి, పాలిటెక్నిక్ చదువుతో, ఇస్త్రీ చేసిన బట్టల్లో సరుకు తనిఖీ చేసే ఉద్యోగానికి వెళ్లాను. మొదటిరోజే సేటు నీళ్లు నింపిన స్ప్రేయర్ నా వీపుకు తగిలించి, షెడ్డు వెనక చామంతి తోటలోకి తోలాడు.

"సేటూ, నేను చెకింగ్ పనికి వచ్చిన," అన్నాను ఏడుపుగొంతుతో.

"చెకింగే చేస్తున్నవు బిడ్డా. ఇంకో సాలు నడువు. ఎక్కడ కోస్తున్నదో చెప్పు."

ఎడమ భుజం కోస్తోందని చెప్పాను. అప్పటికప్పుడు బెల్టు కుట్టే ఆమెను పిలిచి వెడల్పు పెంచమన్నాడు. ఆ షెడ్డులో పనికి చేరిన ఎవరికైనా, సరుకు కొనడానికి వచ్చిన పెద్ద దుకాణదారుకైనా మొక్కల వరుసల మధ్య ఆ సాలు నడక తప్పేది కాదు. మోసినవాడికే తెలుస్తుందని ఆయన నమ్మకం. నేను ఆ రోజు తిట్టుకున్నంతగా మా ఇంట్లోవాళ్లను కూడా ఎప్పుడూ తిట్టుకోలేదు.

మన సరుకు మనమే చేసుకోవాలనే మాట దేశంలో గట్టిగా వినబడుతున్న కాలమది. బయటినుంచి తయారై వచ్చే స్ప్రేయర్ల మీద పన్ను పెంచారు. అంతకుముందు మా ఫోను ఎత్తని దుకాణాలవాళ్లు కార్లేసుకుని షెడ్డుకే వచ్చారు. రెండో షిఫ్టు పెట్టాం. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు టమాట కోతలు మాని మా దగ్గర చేరారు. సేటు ట్యాంకు మీద మూడు రంగుల చారలు వేయించాడు. వ్యాపారం కోసం అని కొందరు ఎద్దేవా చేశారు గానీ, అది నిజం కాదు. జెండా పండుగనాడు ఆయన కళ్లు తడవడం నేను చూశాను. రాజకీయం తన షెడ్డుకు మంచి చేసిందని బాహాటంగానే చెప్పేవాడు. అదే చెయ్యి ఒకనాడు చెంప మీద పడుతుందని ఆయనా అనుకోలేదు, మేమూ అనుకోలేదు.

తర్వాత సరిహద్దులో గొడవ జరిగి మన జవాన్లు చనిపోయారు. ఊరూరా కోపం. చేవెళ్ల చౌరస్తాలో కుర్రాళ్లు చైనా బొమ్మలు, ఫోన్లు తగలబెట్టారు. దసరాకు ముందు మా ఊరి పటేలు షెడ్డుకు వచ్చాడు. మండలంలో ఏ పార్టీ గెలిచినా ఆయన మాట చెల్లుతుంది. ఆయన మేనల్లుడు సైన్యంలో ఉన్నాడు కాబట్టి ఆ కోపం ఉత్తుత్తిది కాదు. ట్యాంకులు పోసే మిషన్ మీది చైనా అక్షరాలు చూసి ఆగాడు.

"ఏం సేటూ, ఆయుధపూజకు దీనిక్కూడ బొట్టు పెడ్తవా?"

సేటు ఆ అక్షరాలకు అడ్డంగా జరిగి నిలబడ్డాడు. పండుగనాడు మేం వచ్చేసరికి ఆ మిషన్ మీద నీలం టార్పాలిన్ కప్పి ఉంది. గ్రైండర్‌కు, తూకం కాటాకు, చివరికి సేటు స్కూటర్‌కు కూడా పసుపు కుంకుమలు పెట్టారు. గుమ్మడికాయ కొట్టారు. పటేలు జమ్మి ఆకు పంచాడు, ఫోటోలు దిగాడు. పెద్ద మిషన్ ఒక్కటే మైల పట్టిన మనిషిలా మూలన ముసుగేసుకుని ఉండిపోయింది.

పండుగ వెళ్లాక అసలు చిక్కు మొదలైంది. మిషన్ నడిపే అంజయ్య స్విచ్చు ముట్టనన్నాడు. "పూజ తప్పిన మిషన్ సేటూ. చేతులు పోయినా పోతయి." ఆడవాళ్లంతా అతని వైపే నిలబడ్డారు. భయం ఒక్కటే కాదని నాకు తెలుస్తూనే ఉంది. "మనకు బువ్వ పెట్టేదాన్ని దొంగసొమ్ము లెక్క దాస్తిమి గద," అంది బెల్టులు కుట్టే ఆమె. ట్యాంకులు లేక షెడ్డంతా మూగబోయింది. వచ్చే దసరా దాకా ఆగుతామా? సేటు ఒకరోజంతా కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు.

మరునాడు పొద్దున, ఏ పండుగా లేని మామూలు రోజున, ఆయన గుమ్మడికాయ, పూలదండ పట్టుకుని వచ్చాడు. పటేలును కూడా పిలిపించాడు. అందరి ముందు టార్పాలిన్ లాగేసి, మిషన్‌ను తన భుజం మీది కండువాతో తుడిచాడు.

"తప్పు నాది. దీన్ని జూసి సిగ్గుపడ్డ," అన్నాడు మా వైపు తిరిగి. తర్వాత పటేలుతో, "నీ కోపం నాకు లేదనుకోకు పటేలా. కానీ గిది పనిముట్టు. దీంతోని నలభై ఇండ్లల్ల పొయ్యి వెలుగుతున్నది."

పటేలు ముఖం గంటు పెట్టుకున్నాడు. "మరి గిసొంటి మిషన్, గా మోటరు మనమెప్పుడు చేస్తం?"

"చేద్దాం. నేర్సుకోవాలె గద. టైం పడ్తది."

కుంకుమ పెట్టాడు, కాయ కొట్టాడు. అంజయ్య మిషన్‌కు దండం పెట్టి స్విచ్చు వేశాడు. ఆ రోజు ట్యాంకులు దిగుతుంటే మేం చప్పట్లు కొట్టాం.

సేటు అన్న మాట నిలబెట్టుకోవడానికి షెడ్డు మూలన మోటారు చుట్టే బల్ల వేయించాడు. నన్నే దాని ముందు కూర్చోబెట్టాడు. రాగి తీగ చుట్టాను, విప్పాను, మళ్లీ చుట్టాను. మా మోటార్లు సగం సాలులోనే వేడెక్కి ఆగిపోయేవి. మేం నేర్చుకునేలోగా బయటినుంచి వచ్చే మోటార్ల మీద కొత్త ఆంక్షలు వచ్చాయి. సరుకు ఓడరేవులో నెలల తరబడి ఇరుక్కుపోయింది. తయారైన స్ప్రేయర్లను ఆపి మమ్మల్ని పెంచిన విధానమే, లోపలి మోటారును ఆపి మా గొంతు పట్టుకుంది. మాలాంటి చిన్న షెడ్డుకు నేర్చుకునే వ్యవధి ఎవరిస్తారు? పెద్ద కంపెనీలు మాత్రం తట్టుకున్నాయి. కొందరు చైనా మోటారు మీది పేరు గీకేసి స్వదేశీ స్టిక్కరు అంటించారు.

అదే సమయంలో రైతులకు సబ్సిడీ మీద స్ప్రేయర్లు ఇచ్చే పెద్ద ఆర్డరు వచ్చింది. ఉన్న కొద్దిపాటి మోటార్లతో మొదలుపెట్టి షెడ్డును నిలబెట్టుకోవచ్చు. షరతు ఒక్కటే, పూర్తిగా స్వదేశీ అని స్టిక్కరు ఉండాలి. ఈసారి పటేలు మా మీద ప్రేమతోనే వచ్చాడు.

"అంటించు సేటూ. ఎవడు ఇప్పి చూస్తడు? నేను మాట్లాడిన, నువ్వేం ఫికర్ చేయకు."

మేమంతా పని ఆపి చూస్తున్నాం. అంటిస్తే బాగుండునని నా మనసులోనూ ఉంది. మా తమ్ముడి చదువు ఆ జీతం మీదే నడుస్తోంది.

సేటు ఒక ట్యాంకు మీది మూడు రంగుల చారలను చేత్తో తడిమాడు. "బయటి మోటరుకు గీ రంగులేసి అబద్ధం ఆడమంటవా? గా మిషన్ను దాస్తేనే గీళ్లు నాకు బుద్ధి చెప్పిరి పటేలా. మళ్లెట్ల దాస్త?"

పటేలు తల కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఆర్డరు వేరేవాళ్లకు పోయింది.

షెడ్డు ఒక్కసారిగా మూతపడలేదు. ముందు రెండో షిఫ్టు పోయింది. తర్వాత సగంమంది ఆడవాళ్లు గండిపేట వైపు కొత్త అపార్టుమెంట్లలో ఇంటిపనులకు, దొంతన్‌పల్లి యూనివర్సిటీలో ఊడ్చే పనికి కుదిరారు. అంజయ్య వాచ్‌మన్ అయ్యాడు. ఇప్పుడు ఆ చోట ఫంక్షన్ హాలు ఉంది. సేటును నేను తిట్టుకున్నాను, దాచడమెందుకు? నలభై ఇళ్ల కంటే ఒక స్టిక్కరు ఎక్కువైందా అని ఆయన ముఖం మీదే అడిగాను. "నువ్వు అడిగింది న్యాయమే బిడ్డా," అన్నాడు. షెడ్డు ఖాళీ చేసేటప్పుడు మోటారు చుట్టే బల్లను నా ఇంటికి పంపాడు. రెండేళ్లకు ఆయన పోయాడు.

ఆ బల్ల మీదనే ఇప్పుడు నేనూ, మరో నలుగురు ఆడవాళ్లమూ మోటార్లు చేస్తున్నాం. సాలు మధ్యలో ఆగవు. తీగ మనది, షాఫ్టు మనది, పై డొప్ప మనది. అయస్కాంతం ఒక్కటి ఇంకా బయటిదే. కొనడానికి వచ్చినవాళ్లకు ఆ సంగతి ముందే చెబుతాను. చెప్పగానే కొందరు లేచి వెళ్లిపోతారు. చెప్పే ముందు ప్రతిసారీ ఈ నలుగురి ముఖాలు కళ్లముందు ఆడతాయి. సేటుకూ ఆ రోజు మా నలభై ఇళ్లు అలాగే కనబడి ఉంటాయని, అవి కనబడుతుండగానే ఆయన స్టిక్కరు అంటించనన్నాడని, నాకు అర్థం కావడానికి నేను ఆయన కుర్చీలో కూర్చోవలసి వచ్చింది.

మొన్న పటేలు తన గులాబీ తోట కోసం మోటార్లకు వచ్చాడు. ముసలివాడయ్యాడు. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మొత్తం మనదేనా బిడ్డా?"

"లేదు పటేలా. అయస్కాంతం బయటిది."

ఆయన మోటారును కండువాలో చుట్టుకుంటూ, "సేటుకు గా స్టిక్కరు అంటించుమని జెప్పిన. గది తలుసుకుంటే నాకు ఇంకా నిద్ర పట్టదు," అన్నాడు.