కేసెట్టులోని మూడో పేరు

ఈ వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం, తాండ్ర చాప మీద రెండో పొర పోయడానికి రసం వడగడుతూ డాబా మెట్ల పక్కన కూర్చుని ఉండగా, లోపలి గదిలోంచి ఒక పాట వినబడింది. పాటంటే మాటలున్నది కాదు. కీ ఇచ్చిన బొమ్మలోంచి వచ్చేలాంటి సన్నని వాయిద్యం, నాలుగు మెట్లు ఎక్కి రెండు మెట్లు దిగి, మళ్ళీ మొదటికి వచ్చి నిలబడేది. అది నేను విని పాతికేళ్ళు దాటింది. ఇక ఈ లోకంలో ఎక్కడా వినబడదనే అనుకున్నాను. రసం చేతులతోనే లేచి వెళ్ళి చూస్తే, సెలవులకు వచ్చిన మా అక్క మనవరాలు మంచం మీద బోర్లా పడుకుని కంప్యూటర్ ముందు పెట్టుకుని ఉంది. తెర మీద పచ్చని బయలు, నీలంగా ఒక ఏరు, ఏటి ఒడ్డున టోపీ పెట్టుకుని భుజాన సంచి వేసుకున్న చిన్న బొమ్మ మనిషి. నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను.

"ఏంటి చిన్నమ్మమ్మా, అలా చూస్తున్నావు? పాత గేమేలే, నేను పుట్టకముందుది," అంది ఆ పిల్ల.

టీవీకి తగిలించి ఆడే ఆ కాలపు మిషన్లు ఇప్పుడు దొరకవు కాబట్టి, కంప్యూటర్‌నే ఆ పాత మిషన్‌లాగా నడుచుకునేట్టు చేసే ప్రోగ్రాం ఒకటి ఉంటుందట, దాన్ని ఎమ్యులేటర్ అంటారట. కేసెట్టులో ఉండే ఆటను ఫైలుగా దాచి దానికిస్తే, ఆ ఆట తను ఇంకా పాత మిషన్‌లోనే ఉన్నాననుకుని ఆడుతుందట. పన్నెండేళ్ళు నర్సరీలో మామిడి అంట్లు కట్టినదాన్ని కాబట్టి ఆ సంగతి నాకు తొందరగానే తలకెక్కింది. నాటు మొక్క మొదలు మీద రసాల కొమ్మ కడితే, కింద వేరు ఎవరిదో ఆ కొమ్మకు పట్టదు, తన కాయ తను కాస్తుంది. నేను అడిగింది ఒక్కటే, పేర్లు ఏవి అని. ఆ ఆట మొదలయ్యేచోట మూడు వరుసలుంటాయి. నాకు తెలిసినంతలో ఆ మూడింట్లోనూ పేర్లుండాలి. ఆ పిల్ల కంప్యూటర్‌లో మొదటి వరుసలో దాని పేరుంది, కింద రెండూ ఖాళీ.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, గల్ఫ్ నుంచి మనిషి వస్తే వీధి వీధంతా ఆ పెట్టె విప్పేదాకా కదిలేది కాదు. మా అక్క కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి మొదటిసారి తిరిగి వచ్చినప్పుడు, అందరికీ చీరలూ సబ్బులూ పంచి, మా ఇంటికి మాత్రం యజమాని పిల్లలు ఆడి ఆడి పక్కన పడేసిన వీడియో గేమ్ మిషన్ తెచ్చింది. దాంతో పాటు ఒకే ఒక కేసెట్టు. విస్సన్నపేట రోడ్డులో తోటల మధ్య ఊరు మాది. మా ఆయనా నేనూ కాయల కాలంలో కోతకూ, మిగతా రోజుల్లో నర్సరీకీ పోయేవాళ్ళం. మాకు ఒక్కతే కూతురు, అప్పటికి దానికి పదకొండేళ్ళు. మాది నలుపు తెలుపు టీవీ కాబట్టి ఆ ఆటలో ఏరైనా చెట్టైనా బూడిద రంగే. రంగులన్నీ నా కూతురే చెప్పేది. ఆ బొమ్మ మనిషి టోపీ పండిన రసం మామిడికాయ రంగులో ఉంటుందని చెప్పింది. ఇన్నేళ్ళూ నేను ఆ టోపీని పసుపుగానే తలుచుకున్నాను. కంప్యూటర్‌లో చూస్తే అది ఎర్రది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక ఇద్దరం ఆ టీవీ ముందు కూర్చునేవాళ్ళం. నా చేతులు దానికి నచ్చేవి కావు.

"అమ్మా, చేతులు కడుక్కుని రా. బటన్లకు సొన అంటుతోంది."

"కిరసనాయిల్ రాసి కడిగానే. పోకపోతే కోసుకోమంటావా?"

"నువ్వు ఆడొద్దులే, చూడు. నేనాడతా."

ఆటలో ఆ బొమ్మ మనిషి ఊరూరూ తిరుగుతాడు, ప్రతి ఊళ్ళోనూ జనం ఎదురొచ్చి మాట్లాడతారు, ఆ మాటలు తెర కింద ఇంగ్లీషు అక్షరాల్లో పడతాయి. నాకు అప్పటికి సంతకం కూడా రాదు. నా కూతురే కూడబలుక్కుని చదివి తెలుగులో చెప్పేది. బొమ్మ మనిషికి మనకిష్టమైన పేరు పెట్టుకోవచ్చు. మొదటి వరుసలో తన పేరు పెట్టుకుంది, రెండో దాంట్లో నా పేరు పెట్టింది. తోటలో మేస్త్రీకి నేను 'ఏమ్మాయ్'ని, మా అత్తగారికి 'ఏమే'ని, మా ఆయన పిలవాల్సి వస్తే దగ్గేవాడు. ఆ ఆటలో ఊళ్ళకు ఊళ్ళు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాయంటే నాకు సిగ్గేసేది, మళ్ళీ వినాలనిపించేది. బావి దగ్గర ఒక ముసలమ్మ ఉండేది. ఆమె దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నా పేరు పిలిచి, ఎండనపడి వచ్చావు, కూర్చో తల్లీ, కాస్త మజ్జిగ తాగి వెళ్ళు అంటుందని నా కూతురు చదివి చెప్పేది. కోత నుంచి వచ్చి నడుం వాల్చినప్పుడు, ఆ ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్ళవే అని నేనే అడిగేదాన్ని.

ఆట ఆపి మర్నాడు పెడితే నిన్న ఆగినచోటి నుంచే మొదలయ్యేది. కేసెట్టుకు జ్ఞాపకం ఉంటుందనీ, అందులో మన పేర్లు ఎప్పటికీ పోవనీ చెప్పింది. ఒకరోజు మూడో వరుసలో కూడా ఏదో పేరు రాసింది. ఎవరిదే అంటే చెప్పలేదు.

"నువ్వే చదువుకో."

"నాకొచ్చా, చచ్చా?"

"నేర్చుకో అయితే. ఇంగ్లీషువి ఇరవై ఆరే అక్షరాలు. రోజుకొకటి చెప్తా."

"కాయలయ్యాక చూద్దాంలే."

"నీకు అన్నీ కాయలయ్యాకే. నేనూ కాయలయ్యాకే పుట్టానా?"

"కాదు, పూత మీద పుట్టావు. అందుకే ఇంత పొగరు."

మా వైపు ఇది అందరి నోటా ఉన్న మాటే. పెళ్ళి మాటలైనా, ఇంటి కప్పు వేయించడమైనా, నడుం నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళడమైనా, కాయలయ్యాక అంటాం. తోటలు ఖాళీ అయితేగాని మనిషికి తీరిక ఉండదు. ఆ ఏడు కాయలయ్యాయి. ఆఖరి లారీ వెళ్ళిన వారానికి వానలు పట్టాయి, వానలతో పాటు దానికి జ్వరం పట్టుకుంది. ఊళ్ళో డాక్టరు బిళ్ళలిచ్చాడు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగితే నూజివీడు తీసుకెళ్ళాం, అక్కణ్ణుంచి బెజవాడ పంపారు. బస్సులో నా ఒళ్ళో తల పెట్టుకుని, నేనొచ్చేదాకా ఆట ముట్టుకోకు, నీకు రాదు, వంతెన మీంచి పడేస్తావు అంది. ముట్టుకోనులేవే అన్నాను. మూడో పేరు ఎవరిదని ఆ బస్సులో అడిగి ఉంటే చెప్పేదేమో. ఇంటికి వచ్చాక నేనే చదువుకుంటాను కదా అనుకున్నాను. అది ఇంటికి రాలేదు.

నెల తిరక్కుండా, చుట్టాల పిల్ల ఎవరో తెలియక ఆ మిషన్ పెట్టింది. ఆ పాట మొదలవగానే మా ఆయన భోజనం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు టీవీనీ మిషన్‌నీ పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. ఆయన్ను నేనేమీ అనలేదు, ఇప్పుడు అందామన్నా ఆయన లేడు. కేసెట్టు మాత్రం ముందే తీసి, నా కూతురి గౌను మడతల్లో పెట్టి ఇనప్పెట్టెలో దాచాను.

ఆ పైన రెండు పనులు చేశాను. ఒకటి చదువు. చర్చిలో పాస్టరమ్మ గారు సాయంత్రాలు ఆడవాళ్ళకు అక్షరాలు చెబుతుంటే, నలభై ఆరేళ్ళప్పుడు వెళ్ళి వెనక చాప మీద కూర్చున్నాను. బైబిలు చదువుకోవడానికి వచ్చాననుకుని ఆవిడ సంతోషపడ్డారు. బైబిలూ చదివాను. తెలుగు వచ్చాక ఇంగ్లీషువి కూడా చెప్పమంటే, నీకెందుకమ్మా అవి అన్నారు. కాయల అట్టపెట్టెల మీద ఉంటాయండీ, తెలిస్తే మంచిది కదండీ అని చెప్పాను. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. నిజానికి ఆ అట్టపెట్టెల మీదే నేర్చుకున్నాను, ఒక్కో పెట్టె మూత వేస్తూ ఒక్కో అక్షరం.

రెండోది, ఏటా వానలకు ముందు ఇనప్పెట్టెలో బట్టలన్నీ డాబా మీద ఎండకు వేసినప్పుడు, కేసెట్టును కూడా తీసి తాండ్ర చాప అంచున పెట్టడం. కరెంటు వస్తువులకు చెమ్మ తగలకూడదని మా అక్క ఎప్పుడో అంది. ఉదయం పెట్టి పొద్దు వాలేదాకా ఉంచేదాన్ని. తాండ్రను చూసుకున్నట్టే చూసుకునేదాన్ని, మధ్యలో ఒకసారి తిరగేసి రెండో పక్క కూడా కాగనిచ్చేదాన్ని. పాతికేళ్ళలో ఒక్క వేసవి మానలేదు.

ఇదంతా మా అక్క మనవరాలికి చెబితే అది మంచం మీద లేచి కూర్చుంది. ఫైలులో ఉండేది ఆట మాత్రమేననీ, పేర్లు ఎవరి కేసెట్టులో వాళ్ళవే ఉంటాయనీ చెప్పి, కేసెట్టు ఉందా అని అడిగింది. దాని స్నేహితురాలి దగ్గర, కేసెట్టులో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి లాగే చిన్న పెట్టె ఉందట. అది రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నేను పాత పలక తీసి ఇరవై ఆరు అక్షరాలూ మళ్ళీ దిద్దాను. కళ్ళజోడు బాగు చేయించుకున్నాను. తాండ్ర మీద పొర పోస్తూ ఆ పేరు ఎవరిదై ఉంటుందా అని ఆలోచించేదాన్ని. వాళ్ళ నాన్నదా? మా గేదెదా? పుడతాడని అది ఎదురుచూసిన తమ్ముడికి తనే ఏదైనా పేరు పెట్టుకుందా?

పెట్టె వచ్చిన రోజు తల దువ్వుకుని మరీ కూర్చున్నాను. కేసెట్టు గుచ్చింది, పాట వచ్చింది, మూడు వరుసలు వచ్చాయి. మూడూ ఖాళీగా ఉన్నాయి. మళ్ళీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. అంతే. మర విప్పి చూస్తే లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ, చుట్టూ తెల్లగా పొంగి ఉంది. పేర్లను పట్టుకుని ఉండేది ఆ బిళ్ళేనట. ఆ పిల్ల కేసెట్టును పైకెత్తి చూసింది. దాని ప్లాస్టిక్ పెంకు ఒక పక్క వంగి ఉంది.

"చిన్నమ్మమ్మా, దీన్ని ఎప్పుడైనా ఎండలో పెట్టావా?"

"ఏటా పెడతానమ్మా. చెమ్మ చేరకుండా."

అది నా ముఖంలోకి చూసి, చప్పున తల దించుకుంది. "ఎండ వల్ల కాదులే. ఇన్నేళ్ళకు ఆ బ్యాటరీ ఎలాగైనా పోతుంది. ఎవరి దగ్గరున్నా పోయేదే," అంది.

నిజంగా అంతేనో, నా కోసం అందో నాకు తెలియదు. అడిగి తేల్చుకోలేదు.

కాసేపటికి ఆ పిల్లే, పేర్లు నువ్వే రాయి అని కంప్యూటర్ నా ముందుకు జరిపింది. పైన నా కూతురి పేరు, కింద నా పేరు, ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కాను. మూడో వరుస వదిలేశాను. నా పేరు మీద ఆట మొదలుపెట్టి ఏరు దాటి బావి దగ్గరికి వెళితే, ముసలమ్మ అక్కడే ఉంది, ఒక్క రోజు కూడా పెద్దది కాలేదు. తెర కింద అక్షరాలు పడ్డాయి. ఒక్కొక్కటే పలుకుతూ పోయాను, ఆ పిల్ల అర్థం చెప్పింది. నా పేరుంది. దాని వెనక, వంతెన విరిగింది, ఉత్తరానికి వెళ్ళు అని ఉంది. అంతే ఉంది.

"మజ్జిగ ఏది?" అన్నాను.

"మజ్జిగేంటి, చిన్నమ్మమ్మా?"

ఇంకోసారి ముసలమ్మను పలకరించమన్నాను. మళ్ళీ వంతెన మాటే చెప్పింది. నాలుగుసార్లు అడిగినా అదే చెప్పింది. ఎండనపడి వచ్చావు అన్నదీ, తల్లీ అన్నదీ, కూర్చోమన్నదీ ఆ ముసలమ్మ కాదు. తోట నుంచి వచ్చిన నన్ను చూసి, సొన కాలిన చేతులు చూసి, పదకొండేళ్ళ పిల్ల తన మాటలు ఆమె నోట్లో పెట్టి నాకు చెప్పింది. అప్పుడు నాకు చదువు వచ్చి ఉంటే ఒక్క మాట కూడా వినేదాన్ని కాదు. చదువు వచ్చాక ఆ ముసలమ్మ నాకు మజ్జిగ ఇవ్వడం మానేసింది.

మన రోజుల్లో పోయిన వస్తువు పోయినట్టే ఉండేది. ఇప్పటి పిల్లలు పాత పాటలు తెప్పిస్తారు, పాత ఆటలు తెప్పిస్తారు, ఆ వాయిద్యం ఒక్క చోట కూడా తప్పకుండా తెప్పిస్తారు. ప్రపంచంలో అందరికీ ఒకేలా ఉన్నదంతా తిరిగి వచ్చింది. మా ఇంట్లో మాత్రమే ఉన్నది రాలేదు. అందుకు ఎవరినీ తప్పుపట్టను. బస్సు బోర్డు చదువుతాను, మందు సీసా మీద చదువుతాను, ఎవరి శుభలేఖ వచ్చినా పేర్లన్నీ చదువుతాను. ఏ పేరు కోసం నేర్చుకున్నానో అది తప్ప.

ఆ పిల్ల సెలవులైపోయి వెళ్ళిపోయింది. మొన్న ఆఖరి విడత తాండ్ర ఆరబెట్టి, ఇనప్పెట్టెలో బట్టలన్నీ డాబా మీద వేశాను. కేసెట్టును మాత్రం మెట్ల గోడ వారన, నీడలో, గౌను మీద పెట్టాను. ఇక దానికి ఎండ తగిలినా పోయేదేమీ లేదని తెలుసు. అయినా మధ్యాహ్నం రెండుసార్లు పైకి వెళ్ళి, నీడ జరిగిందేమోనని చూసి వచ్చాను.